ఇనుము తయారీలో బొగ్గు పొదుపు

నాగటి కర్రు మొదలు రైలు పట్టా వరకు, కుట్టు సూది మొదలు వంతెన దూలం వరకు ఇనుము లేని జీవితాన్ని ఊహించడం కష్టం. అయితే ఆ ఇనుము వెనుక ఎంత బొగ్గు కాలిందో, కాలిన బొగ్గులో ఎంత పాలు నిజంగా పనికి వచ్చిందో, ఎంత పాలు పొగగొట్టం గుండా ఆకాశానికి ధారపోయబడిందో ఆలోచించేవారు తక్కువ. తెలుగు బోధించే మేము ఇనుప కొలిముల గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. విజ్ఞానం ఏ శాఖకు చెందినదైనా, మాతృభాషలో విడమరచి చెప్పుకోలేనంతవరకు అది మనకు పూర్తిగా సొంతం కాదని మా నమ్మకం. పైగా కొలిమి, తిత్తి, సమ్మెట, దాగలి, చిట్టెము వంటి మాటలు మన భాషలో అనాదిగా ఉన్నవి. మాటలున్నచోట విద్య ఉండి తీరుతుంది.

ఆ విద్య మన నేలకు కొత్త కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూసలలో ఉక్కు కరగించే గ్రామంగా ప్రసిద్ధి పొందింది. అక్కడి పద్ధతిని గురించి హెన్రీ వోయిసీ వ్రాసిన వివరణ 1832లో ప్రచురితమైనది. పారశీక వర్తకులు సైతం ఆ ఉక్కును కొనుగోలు చేయడానికి వచ్చేవారట. పాశ్చాత్యులు ‘వూట్జ్’ అని పిలిచిన మాటకు మూలం మన ‘ఉక్కు’ అన్న పదమేనని పలువురు పండితుల అభిప్రాయం. ఉర్దూలో ‘ఫౌలాద్’ అన్నా, తెలుగులో ‘ఉక్కు’ అన్నా, ఆనాటి కొలిములన్నింటికీ ఇంధనం అడవి నుంచి వచ్చిన కట్టెబొగ్గే. ఇంధనం కరవైతే కొలిమి చల్లారుతుంది. ఈ చిన్న సత్యమే నేటి మహాకర్మాగారాల విషయంలోనూ వర్తిస్తున్నది.

కొలిమిలో జరిగే పని

ఇనుము ప్రకృతిలో శుద్ధరూపంలో దొరకదు. హెమటైట్ వంటి ధాతువులలో అది ఆక్సిజన్‌తో గాఢంగా కలిసి ఉంటుంది. ఆ ఆక్సిజన్‌ను విడదీయడాన్నే రసాయన శాస్త్రంలో క్షయకరణం అంటారు. ఇందుకు బొగ్గు రెండు విధాల ఉపకరిస్తుంది. ఒకటి, కాలి వేడిని ఇవ్వడం. రెండు, తనలోని కార్బన్ ద్వారా కార్బన్ మోనాక్సైడ్ వాయువును పుట్టించి, ఆ వాయువు చేత ధాతువులోని ఆక్సిజన్‌ను లాగివేయించడం. అంటే ఈ వంటలో బొగ్గు వంటచెరకు మాత్రమే కాదు, వంట దినుసు కూడా. అందువల్లనే బొగ్గును తొలగించి వేరొక ఇంధనాన్ని పెట్టడం ఇతర పరిశ్రమలలో వలె ఇక్కడ సులభం కాదు.

మరి కనీసం ఎంత శక్తి అవసరం? హెమటైట్ నుంచి ఒక టన్ను ఇనుమును విడదీయడానికి ప్రకృతి నియమం ప్రకారం సుమారు 7.4 గిగాజౌళ్ల శక్తి కావాలి. ఒక గిగాజౌల్ అంటే దాదాపు 278 యూనిట్ల విద్యుత్తుతో సమానం. ఆ ఇనుమును కరగించి 1500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేయడానికి మరికొంత కావాలి. మొత్తం దాదాపు 8.7 గిగాజౌళ్లు. మంచి రకం బొగ్గు కిలోకు 25 మెగాజౌళ్ల వేడి ఇస్తుందనుకుంటే, ఇది 350 కిలోల బొగ్గులోని శక్తి. ఎంతటి మేధావి అయినా దీనికంటె దిగువకు పోలేడు. ఈ కనీసానికీ, ఆచరణలో ఖర్చయ్యే శక్తికీ మధ్యనున్న అంతరమే ఇంజనీరు పని చేయవలసిన క్షేత్రం.

ఆ అంతరం ఎక్కడ పుడుతున్నది? ఒక కిలో కార్బన్ పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అయితే సుమారు 33 మెగాజౌళ్ల వేడి వెలువడుతుంది. అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్ అయితే సుమారు 9 మెగాజౌళ్లే. కొలిమిలో క్షయకరణం జరగాలంటే మోనాక్సైడ్ ఉండక తప్పదు. అది ధాతువుతో పని ముగించుకోకుండానే పైనుంచి బయటకు పోతే, బొగ్గులోని శక్తిలో మూడింట రెండు వంతులకు పైగా వాయువులోనే మిగిలిపోయినట్లు. ఇది మొదటి నష్టం. ఆ వాయువు మోసుకుపోయే వేడి రెండవ నష్టం. ఎర్రగా కాలిన కోకులో, కరిగిన లోహమలంలో, కొలిమి గోడల నుంచి పోయే వేడి మూడవ నష్టం. ఇంధన పొదుపు చరిత్ర అంతా ఈ మూడు చిల్లులను ఒక్కొక్కటిగా పూడ్చిన చరిత్రయే.

నీల్సన్ చెప్పిన మాట

1709లో ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్ గ్రామంలో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గుకు బదులు కోకుతో ఇనుము తీసి చూపాడు. నేలబొగ్గును గాలి తగలకుండా కాల్చగా మిగిలే గట్టి పదార్థమే కోకు. ఆ తరువాత నూరేండ్లకు పైగా కొలిములకు చల్లని గాలినే ఊదేవారు. చలికాలంలో కొలిములు మెరుగుగా పనిచేయడం చూచి, గాలి ఎంత చల్లగా ఉంటే అంత మేలని యజమానులు విశ్వసించేవారు.

గ్లాస్గో నగరంలోని గ్యాస్ కర్మాగార నిర్వాహకుడు జేమ్స్ బ్యూమాంట్ నీల్సన్ దీనికి పూర్తిగా విరుద్ధమైన మాట చెప్పాడు. గాలిని ముందుగా వేడి చేసి ఊదమన్నాడు. 1828లో ఆయన దీనికి పేటెంటు పొందాడు. క్లైడ్ ఇనుప కర్మాగారంలో ప్రయోగం జరిగింది. 1829లో చల్లని గాలితో ఒక టన్ను ఇనుముకు 8 టన్నులకు పైగా బొగ్గు పట్టేది. మరుసటి ఏడు గాలిని సుమారు 150 డిగ్రీలకు వేడి చేయగా అది 5 టన్నులకు కొద్దిగా పైకి తగ్గింది. 1833 నాటికి గాలి వేడిని 300 డిగ్రీలు దాటించి, కోకుకు బదులు పచ్చి బొగ్గునే వాడగలిగిన తరువాత రెండుంపావు టన్నులతోనే పని జరిగింది.

దీని కారణం తెలిస్తే ఆశ్చర్యం పోతుంది. గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నైట్రోజన్. కొలిమిలో దానికి పని లేదు. అది ఒక దారిన వచ్చి మరొక దారిన పోయే బాటసారి. అయినా దానిని కూడా కొలిమి వేడికి తీసుకురావలసిందే. ఆ పని కొలిమి లోపల విలువైన బొగ్గుతో చేయడం కంటె, బయట వ్యర్థవాయువుతో చేయడం లాభం. ఇక చలికాలం మర్మమేమిటంటే, మేలు చేసినది చలి కాదు, గాలిలో తేమ తక్కువగా ఉండటం. నీటి ఆవిరి ఎర్రని బొగ్గుతో కలిసి విచ్ఛిన్నమయ్యేటప్పుడు వేడిని మింగివేస్తుంది. ఒక నిజమైన అనుభవానికి తప్పు కారణం కల్పించుకుంటే నూరేండ్లు నష్టపోవచ్చునని ఈ ఉదంతం తెలుపుతున్నది.

1857లో ఎడ్వర్డ్ ఆల్‌ఫ్రెడ్ కూపర్ మరొక మెట్టు ఎక్కాడు. ఇటుకలతో నింపిన గోపురం వంటి స్టవ్‌లో కొలిమి వాయువును మండించి ఇటుకలను కాల్చడం, ఆ పిమ్మట అదే స్టవ్ గుండా చల్లని గాలిని పంపి వేడెక్కించడం ఆయన పద్ధతి. ఒక స్టవ్ వేడెక్కుతుండగా మరొకటి గాలికి వేడినిస్తుంది. నేటికీ ఈ పద్ధతియే సాగుతున్నది. ఇప్పుడు గాలి వేడి 1100 నుంచి 1200 డిగ్రీల వరకు చేరుకున్నది. ప్రపంచంలోని ఉత్తమ కొలిములలో కోకు, బొగ్గుపొడి రెండూ కలిపి టన్ను ఇనుముకు 500 కిలోల దరిదాపులలో సరిపోతున్నవి.

విశాఖ తీరంలో

అరవైలలో ఎందరో ప్రాణత్యాగం చేయగా సాధించుకున్న విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న నాటి ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అక్కడి మొదటి రెండు బ్లాస్ట్ కొలిములకు గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టడం మన వారి రసజ్ఞతకు నిదర్శనం. ఆ కర్మాగారం మరొక విషయంలో కూడా చెప్పుకోదగినది.

కోకు బట్టీ నుంచి బయటకు వచ్చేటప్పుడు సుమారు 1000 డిగ్రీల వేడిలో ఉంటుంది. సాధారణంగా దానిపై నీళ్లు కుమ్మరించి చల్లార్చేవారు. తెల్లని ఆవిరి మేఘంవలె లేచిపోయేది. చూడటానికి అందంగానే ఉంటుంది గాని, అది కాలిన బొగ్గు సొమ్మే. విశాఖలో మన దేశంలో మొదటిసారిగా పొడి పద్ధతిని అవలంబించారు. మూసిన గదిలో కోకు గుండా నైట్రోజన్ ప్రధానంగా ఉన్న వాయువును తిప్పుతారు. ఆ వాయువులో ఆక్సిజన్ దాదాపు ఉండదు గనుక కోకు మండదు. వాయువు ఆ వేడిని బాయిలరుకు మోసుకుపోతుంది. అక్కడ పుట్టిన ఆవిరితో విద్యుత్తు తీయవచ్చును. నీరు మిగులుతుంది, ధూళి తగ్గుతుంది, పొడి కోకు కొలిమిలో మెరుగుగా పనిచేస్తుంది.

రెండవది కొలిమి పైభాగపు పీడనం. ఆధునిక కొలిములలో వాయువు అధిక పీడనంతో బయటకు వస్తుంది. దానిని ఊరక వదలకుండా టర్బైన్ గుండా పంపితే, చిటికెడు బొగ్గు అదనంగా కాల్చకుండా విద్యుత్తు లభిస్తుంది. విశాఖ రూపకల్పనలో ఇది కూడా మొదటి నుంచీ ఉన్నది. మూడవది, కోకులో కొంత భాగానికి బదులు మామూలు బొగ్గును మెత్తగా పొడి చేసి గాలి గొట్టాల ద్వారా నేరుగా కొలిమిలోకి ఊదడం. కోకు తయారీకి అయ్యే శక్తి ఆ మేరకు మిగులుతుంది.

ఈ మూడవ ఉపాయం మన దేశానికి మరీ ముఖ్యం. బొగ్గు నిల్వలలో మనం సంపన్నులమే. కాని కోకు తయారీకి అనువైన బొగ్గు తక్కువ, ఉన్న దానిలో బూడిద ఎక్కువ. అందుచేత కోకింగ్ బొగ్గులో అధిక భాగం విదేశాల నుంచి ఓడలలో రావలసి వస్తున్నది. కొలిమిలోకి పోయిన ప్రతి కిలో బూడిదను కరగించడానికి సున్నపురాయి కావాలి. ఆ రెండూ కలిసి అయిన లోహమలాన్ని కరగించడానికి మళ్లీ బొగ్గు కావాలి. ముంత నింపబోతే కుండ ఖాళీ అయినట్లుంటుంది వ్యవహారం. గనివద్దనే బొగ్గును కడిగి బూడిద తగ్గించడం కూడా శక్తి పొదుపే అని దీనివలన తెలుస్తున్నది.

పాల్వంచ ప్రయోగం

కోకు కానేరని బొగ్గుతో ఇనుము తీయలేమా అన్న ప్రశ్నకు సమాధానం మన తెలుగు నేలమీదనే వెదికారు. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచలో, ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయంతో, స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. పూర్తిగా కోకింగేతర బొగ్గుతో స్పాంజ్ ఇనుము చేయడంలో దేశానికి దారి చూపిన ప్రదర్శన కర్మాగారమది. ఏటికి 30,000 టన్నుల సామర్థ్యంతో మొదలై, తరువాత రెండింతలయింది. 2010లో ఆ సంస్థ జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో విలీనమైనది. ఆ తోవనే దేశమంతటా వందలాది చిన్న, పెద్ద కర్మాగారాలు వెలిశాయి. 2003 నుంచి స్పాంజ్ ఇనుము ఉత్పత్తిలో భారతదేశం ప్రపంచంలో అగ్రస్థానం వహిస్తున్నది. అందులో అధిక భాగం బొగ్గు ఆధారంగా తయారయ్యేదే.

ఈ పద్ధతిలో ఇనుము కరగదు. కొద్దిగా వాలుగా పరుండబెట్టిన పొడవైన ఉక్కు గొట్టం, లోపల ఇటుకల పూత, మెల్లగా తిరుగుతూ ఉంటుంది. దీనిని తిరుగుడు బట్టీ అనవచ్చును. ఒక చివర ధాతువు ముక్కలు, బొగ్గు, గంధకాన్ని పట్టివేయడానికి కొద్దిగా డోలమైటు వేస్తారు. లోపలి వేడి 950 నుంచి 1050 డిగ్రీలు. గంటల తరబడి దొర్లి దొర్లి రెండవ చివరకు వచ్చేసరికి ధాతువులోని ఆక్సిజన్ పోయి, సూక్ష్మరంధ్రాలు నిండిన ఇనుము మిగులుతుంది. స్పాంజివలె ఉంటుంది గనుక ఆ పేరు.

పద్ధతి సరళమే గాని శక్తి విషయంలో దుబారా ఎక్కువ. టన్ను స్పాంజ్ ఇనుముకు సాధారణంగా టన్నుకు పైగా బొగ్గు పడుతున్నది. మనం మొదట చెప్పుకొన్న కనీస శక్తికి ఇది రెండింతలు దాటుతుంది. బట్టీ నుంచి బయటకు పోయే వాయువు 900 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంటుంది. అనేక చిన్న కర్మాగారాలలో ఆ వేడివాయువుపై నీళ్లు చల్లి చల్లార్చి పొగగొట్టానికి పంపుతారు. బొగ్గును కాల్చి వేడి చేయడం, ఆ వేడిని నీళ్లు పోసి చంపడం!

ఇనుమును వెంటనే వేడిగా ఎందుకు వాడుకోరని విద్యార్థులు అడగవచ్చును. అందులో కాలని బొగ్గు తునకలు కలిసి ఉంటాయి. వాటిని అయస్కాంతంతో వేరు చేయాలి. 770 డిగ్రీలకు పైన ఇనుము అయస్కాంతానికి అంటదు. అందుచేత ముందు చల్లార్చక తప్పదు. ఇలా భౌతిక శాస్త్రపు చిన్న నియమమొకటి కర్మాగారపు లాభనష్టాలను శాసిస్తున్నది.

ఈ నష్టాలను తగ్గించే మార్గాలు తెలియనివి కావు. మొదటిది, బట్టీ చివర బాయిలరు పెట్టి వ్యర్థవాయువుతో ఆవిరిని, ఆవిరితో విద్యుత్తును పుట్టించడం. రోజుకు 500 టన్నుల ఇనుము తీసే బట్టీ నుంచి 10 మెగావాట్లకు పైగా లభించగలదు. రెండవది, అయస్కాంతానికి అంటక మిగిలిన బొగ్గు తునకలను గుట్టలుగా పారబోయక తగిన బాయిలరులో మండించడం. మూడవది, ధాతువును బట్టీలో వేయకముందే వ్యర్థవాయువుతో వేడి చేయడం. నాలుగవది, బట్టీ పొడవునా వేడిని కొలుస్తూ ఎక్కడ ఎంత గాలి కావాలో అంతే ఇవ్వడం.

ఈ నాలుగవది మిక్కిలి చౌక, మిక్కిలి కష్టం. ఒకచోట గాలి మితిమీరితే అక్కడ వేడి పెరిగి బూడిద మెత్తబడి గోడకు అంటుకుంటుంది. క్రమంగా అది వలయంగా పెరిగి బట్టీ గొంతును మూసివేస్తుంది. అప్పుడు బట్టీని చల్లార్చి, మనుషులు లోపల దిగి ఆ పేటును పగలగొట్టాలి. మళ్లీ వెలిగించి వేడెక్కించడానికి బోలెడు ఇంధనం పడుతుంది. అంటే ఒక్క జాగ్రత్త లోపిస్తే రోజుల తరబడి కూడబెట్టిన పొదుపు ఒక్కసారిగా పోతుంది. ఇక్కడ శక్తిని కాపాడేది యంత్రం కంటె ముందు యంత్రం వద్ద నిలిచిన మనిషి కన్ను.

ఈ సమస్య కర్మాగారపు గోడ లోపలిది మాత్రమే కాదు. ధూళిని పట్టే యంత్రానికి విద్యుత్తు కావాలి. ఆ ఖర్చుకు వెరచి రాత్రివేళ దానిని ఆపివేస్తున్నారన్న ఆరోపణలు పలు రాష్ట్రాలలో వినవచ్చాయి. తెల్లవారేసరికి పైరు మీద నల్లని పొర. పరిహారం కోసం తిరిగేది రైతు. వ్యర్థపు వేడి నుంచి తన విద్యుత్తును తానే చేసుకొనే కర్మాగారానికి ఆ సాకు మిగలదు. కనుక పొదుపు యజమానికి లాభం, పొరుగు గ్రామానికి ఊపిరి.

పొదుపు ఒక్కటే చాలునా?

ఇక్కడ ఒక చేదు నిజాన్ని కూడా చెప్పుకోవాలి. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థిక శాస్త్రజ్ఞుడు బొగ్గు సమస్యపై ఒక గ్రంథం వ్రాశాడు. నీల్సన్ పద్ధతి వలన స్కాట్లండులో టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మూడవ వంతు కంటె తక్కువకు దిగిందని, అయినా 1830 నుంచి 1863 వరకు అక్కడ ఇనుముకై కాలిన మొత్తం బొగ్గు పదింతలు పెరిగిందని ఆయన చూపాడు. ఇంధనం కలిసివచ్చిన కొద్దీ ఇనుము చౌక అయింది, చౌక అయిన కొద్దీ గిరాకీ పెరిగింది, కొలిములు పెరిగాయి. పొదుపు చేసిన చేతులే ఎక్కువ కాల్చాయి.

నేడు ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 శాతం ఇనుము, ఉక్కు పరిశ్రమదే. మన దేశంలో ఇళ్లు, రైలు మార్గాలు, వంతెనలు ఇంకా ఎన్నో కట్టవలసి ఉన్నవి గనుక ఉక్కు అవసరం తగ్గదు. అలాగని పొదుపు వ్యర్థమని జెవన్స్ మాటకు అర్థం చెప్పరాదు. పొదుపుతోపాటు హద్దు కూడా కావాలన్నదే దాని సారం. మన దేశం 2001లో శక్తి పొదుపు చట్టం చేసింది. 2012లో మొదలైన పథకం క్రింద ఉక్కు, స్పాంజ్ ఇనుము కర్మాగారాలకు టన్నుకింత శక్తి మించరాదని లక్ష్యాలు విధించారు. లక్ష్యాన్ని మించి పొదుపు చేసినవారు ఆ మిగులును ధ్రువపత్రాల రూపంలో అమ్ముకోవచ్చును. ఐరోపా సమాఖ్య తన దేశాలకు వచ్చే ఉక్కుపై, దాని తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి సుంకం వంటి భారాన్ని 2026 నుంచి అమలులో పెట్టింది. రేపటి బజారులో దుబారా కొలిమికి చోటు తగ్గుతుందన్నమాట.

బొగ్గుకు బదులు హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ను లాగివేసే పద్ధతి స్వీడన్‌లో 2021లో ప్రయోగశాల దాటి పరీక్షా కర్మాగారంలో ఫలించింది. అక్కడ పొగకు మారుగా నీటి ఆవిరి వస్తుంది. మన దేశంలో కూడా 2023లో ఆమోదించిన హరిత హైడ్రోజన్ కార్యక్రమంలో ఉక్కు రంగానికి చోటిచ్చారు. కాని ఒకసారి కట్టిన కొలిమి దశాబ్దాలపాటు నిలుస్తుంది. కొత్త విధానం వచ్చేవరకు పాత కొలిములు మండుతూనే ఉంటాయి. ఈ మధ్యకాలంలో మిగిల్చే ప్రతి టన్ను బొగ్గూ లెక్కలోకి వచ్చేదే.

మా కళాశాల విద్యార్థులలో సైన్సు చదివేవారు కొందరు, వాణిజ్యం చదివేవారు కొందరు, మావలె భాషాసాహిత్యాలు చదివేవారు మరికొందరు. మొదటివారు రేపు ఏ బట్టీ వద్దనో థర్మామీటరు చూచే ఉద్యోగులు కావచ్చును. రెండవవారు ఏ బ్యాంకులోనో కూర్చుండి, బాయిలరు పెట్టుకోవడానికి అప్పు అడిగిన చిన్న యజమానికి అవునో కాదో చెప్పవలసి రావచ్చును. మూడవవారు కర్మాగారం పొరుగున ఉన్న గ్రామానికి ఉపాధ్యాయులుగా వెళ్లి, పొగగొట్టం నుంచి ఏమి పోతున్నదో, అది ఎందుకు పోనవసరం లేదో అక్కడి పిల్లలకు, వారి తండ్రులకు తెలుగులోనో, ఉర్దూలోనో చెప్పవలసి ఉంటుంది. అందరికీ కావలసినది ఒక్కటే ప్రశ్న: కాలిన దానిలో పనికి వచ్చినదెంత? కొలిమి ముందు నిలిచినా, బడ్జెటు ముందు కూర్చున్నా ఈ ప్రశ్న వేయడం అలవరచుకుంటే మన చదువుకు సార్థకత చేకూరుతుంది.